ఏడో ద్వారం కాపలా ఎవరో మా ఆయనకి తెలుసు

“నాంచారీ, ధూమ్రగిరి ఏడో పుస్తకం, పాతది, అట్ట మూల చిరిగింది చూడూ... ఎక్కడన్నా కనపడిందా?”

“నాకేం తెలుసయ్యా? నీ పుస్తకాల సంగతి నీకు తెలియాలి. క్యారేజీ పట్టుకుని బయల్దేరు, పొద్దెక్కింది.”

మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఆయన అడిగాడు, నేను బొంకాను. ఆయన సైకిలు తీశాడు, నేను గంప ఎత్తుకున్నాను. ఎందుకు బొంకానో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలకీ ఒప్పుకున్నాను. లేకపోతే సంతకం చేయడం తప్ప ఏమీ రాని నాకు వ్యాసమేంటి?

ఆ పూట పదకొండు గంటలప్పుడు చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చుని కొరమీను కోస్తున్నాను. ఆటోనగర్ షెడ్డు మేస్త్రి వచ్చి, నా బేరం అయ్యేదాకా ఎదురుగా నిలబడ్డాడు. అప్పుడే నాకు అనుమానం తగిలింది. అతను ఎప్పుడూ బేరం మధ్యలో దూరి “అక్కా, పెద్దది నాకుంచు” అనే మనిషి. ఆ రోజు “అక్కా, ముందు కత్తిపీట మీంచి లే, చెప్తాను” అన్నాడు. ఆయన లారీ వెనక తలుపు మీద బొమ్మ వేస్తూ నిచ్చెన దిగి, మంచినీళ్ళు అడిగి, గ్లాసు అందుకోకుండానే పక్కకి ఒరిగిపోయాడట. ఆస్పత్రిదాకా కూడా తీసుకెళ్ళనియ్యలేదు.

ఇది రాస్తున్నది మా మరిది కూతురు దుర్గ, బళ్ళో పంతులమ్మ. “పెయింటర్ పోతురాజుగారు దివంగతులైనారు” అని మొదలెట్టింది. వద్దన్నాను. చచ్చిపోయాడు. అట్లాగని పెద్ద మాటలు నాకు తెలియవనుకోకండి. ఉత్తుంగ శిఖరం, ఘోరారణ్యం, అశనిపాతం, ఇవన్నీ ఆయన చదువుతుంటే విని నేర్చుకున్నవే. అశనిపాతమంటే పిడుగు. ఆ రోజు నా నెత్తిన పడ్డది అదే. ఆ మాట ఉంచమన్నాను.

ఆయన్ని ఎరిగినవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఎరగనివాళ్ళ కోసం చెప్తున్నాను.

మాది నాగాయలంక అవతల, సముద్రపొడ్డు. మా నాన్న పడవ మీద అమ్మవారి పేరు రాయడానికి బెజవాడ నుంచి పెయింటరు వచ్చాడు. పేరు రాసి ఊరుకోక, పడవ ముక్కు మీద మూడు కళ్ళ చేపని వేశాడు. నాన్న మండిపడ్డాడు. “ఏంట్రా ఇది? నేను పుట్టినకాణ్ణుంచీ సముద్రం మీదున్నాను. మూడు కళ్ళ చేప ఎక్కడుంది?” అన్నాడు. “మీ సముద్రంలో లేదు మావా. ధూమ్రగిరి సముద్రంలో ఉంది. దాని మూడో కన్ను మూసుకుందంటే గాలివాన వస్తుంది” అన్నాడీయన. అప్పటికి మావా అనే వరసేం లేదు, ఊరికే నోటికొచ్చింది. వలల చాటు నుంచి నేను నవ్వాను. నాన్న ఆ చేపని చెరపమన్నాడు. ఈయన చెరపలేదు. ఆ పడవ ఉన్నన్నాళ్ళూ ఆ చేప దాని మీదే ఉంది.

ధూమ్రగిరి అంటే ఊరు కాదండి, ఆట. వైకుంఠపాళీలాంటి పటం పరిచి గవ్వలేసి ఆడేది. బెజవాడలోనే ఒక ప్రెస్సువాళ్ళు పిల్లల కోసం అచ్చేశారు. పటం నిండా గళ్ళు, గళ్ళలో అడవులూ, కొండలూ, చివర పొగలు కక్కే కోట. కోటకి ఏడు ద్వారాలు. లోపల కరాళదంతుడనే మాంత్రికుడు ఉంటాడు. మణిధరుడనే రాకుమారుడు ఒక్కొక్క ద్వారమే దాటుకుంటూ వెళ్ళాలి. ద్వారానికొకటి చొప్పున పటంతోబాటు ఏడు చిన్న కథల పుస్తకాలు. పిల్లల కోసం వేశారు గానీ దాన్ని పట్టుకు వేలాడింది మీసాలొచ్చినవాళ్ళు.

ఆదివారం మధ్యాహ్నం బందరు కాలవ పక్కన టీ హోటలు వరండాలో వాళ్ళంతా చేరేవాళ్ళు. కొన్నాళ్ళకి గవ్వలు పక్కనపెట్టి, ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలేసుకోవడమే ఆటగా పెట్టుకున్నారు. నేను ఆయన్ని అన్నానికి పిలవడానికని వెళ్ళి, మెట్ల దగ్గర నిలబడిపోయేదాన్ని. లెక్కల మేష్టారు శాస్త్రిగారు అడిగేవారు.

“రెండో ద్వారం కాచే పాముకి పడగలెన్ని?”

“అయిదు.”

“మణిధరుడు ఒకటి నరికాక?”

“అప్పుడూ అయిదే. తెగినచోటే మొలుస్తుంది కదండీ. మేష్టారూ, నన్ను మరీ ఒకటో క్లాసులో కూర్చోబెట్టేశారు.”

“అయితే పై క్లాసుకి రండి. ఆ పడగ తెగి ఏ చెట్టు కింద పడింది?”

“చెట్టు కింద కాదు, పుట్ట మీద. అబద్ధపు ప్రశ్నలేస్తే టీ మీరే పోయించాలి!”

వరండా అంతా గొల్లుమనేది. పెద్ద చదువులు చదివినాయన ప్రశ్న వేస్తుంటే, వేళ్ళకి రంగులంటిన మా ఆయన జవాబు చెప్పేవాడు. శాస్త్రిగారు అండీ అనకుండా ఆయనతో ఏనాడూ మాట్లాడలేదు. బజార్లో ఆయన్ని ఒరేయ్ అని పిలిచేవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. ఆ వరండాలో మాత్రం పోతురాజుగారు.

ఇంట్లో ఆ వరండాకి నేను బదులు. నేను మార్కెట్టు నుంచి వచ్చి, చేతులకి చింతపండు రుద్దుకుని పొయ్యి రాజేస్తే, ఆయన పీట వాల్చుకుని చదివేవాడు. పేజీ అయ్యేసరికి ప్రశ్న వేసేవాడు. చెప్పకపోతే మళ్ళీ చదివేవాడు. ఒకరోజు ఆకలి మీదుండి ఒక పేరా దాటేశాడు. నేను గరిటె ఆపి “వంతెన దాటకుండా కోటలోకెలా వెళ్ళాడయ్యా మీవాడు? ఎగిరాడా?” అన్నాను. ఆయన పుస్తకం మూసి నా వంక చూశాడు. “దాటేశానని ఎలా తెలిసింది?” అన్నాడు. “నీ గొంతు పరిగెత్తింది” అన్నాను. ఆ ముచ్చట ఆ ఆదివారం అందరికీ చెప్పుకున్నాడు. “మా ఇంట్లో ఉన్నదాని ముందు మీరంతా ఎంతండీ!” అన్నాడట. నాకు చదువు లేదన్న సంగతి ఆయన నోటివెంట ఒక్కనాడూ రాలేదు.

ఆయన మంచితనమే చెప్పుకుంటూ పోతే అది ఆయన కాదు. ఆయనకి పట్టింపు జాస్తి. ఆ ఆదివారం ఆటకి నియమం పెట్టింది ఆయనే. అనుమానమొచ్చిన జవాబుకి పేజీ చూపించాలి. చూపించలేకపోతే అది గాలిమాట. గాలిమాట చెప్పినవాడు ఆ తర్వాత ప్రశ్న వేయడానికి లేదు, జవాబు చెప్పడానికి లేదు, ఊరికే కూర్చుని వినాలి. “తెలియకపోతే తెలియదను నాంచారీ, కల్పించకు. కల్పించడానికి పుస్తకం రాసినాయన ఉన్నాడు. మనమున్నది గుర్తు పెట్టుకోవడానికి” అనేవాడు.

ఆ నియమం మొట్టమొదట కండక్టర్ ఈశ్వరరావు మెడకి చుట్టుకుంది. ఆటకి మొదటి అచ్చు కొన్నవాళ్ళు ఆ వరండాలో మా ఆయనా, ఈశ్వరరావూ ఇద్దరే. తక్కినవాళ్ళంతా రెండో అచ్చు వచ్చాక చేరినవాళ్ళు. నాలుగో ద్వారం చిలక పేరు చిత్రపర్ణి అన్నాడు ఈశ్వరరావు. మా ఆయన పుస్తకంలో పేరు లేదు, చిలక అనే ఉంది. “నేను చదివానండీ, ఎక్కడో చదివాను” అంటాడతను. “పేజీ చూపించు” అంటాడు ఈయన. అతను చూపించలేకపోయాడు. మళ్ళీ ఆ వరండా మెట్లెక్కలేదు. “చిలక పేరే కదయ్యా, పోనిస్తే ఏం పోయింది?” అన్నాను. “ఇవాళ చిలకని పోనిస్తే రేపు కోటే పోతుంది” అన్నాడు. ఆ మాటన్నప్పుడు ఆయన మొహం నాకు నచ్చలేదు. ఇప్పుడు తలుచుకున్నా నచ్చదు.

ఇక నా సంగతి.

ఏడో పుస్తకం అట్ట చిరిగిందని, అదొక్కటీ కొత్తది కొని తెచ్చి పెట్టెలో పెట్టాడు. విప్పి చూడలేదు. నోటికొచ్చిన పుస్తకం విప్పి చూసేదేముంది అనుకున్నాడు. పైన బొమ్మ రెండిటికీ ఒకటే, మూసిన తలుపు. నాకు అక్షరాలు తెలియవు గానీ బొమ్మలు తెలుసు. కొత్త చీపురు తెచ్చాక పాతది పొయ్యిలోకే కదా అనుకున్నాను. ఆషాఢంలో ఒకరోజు వాన దంచి కొడుతోంది. ఎండు రొయ్యలు పొట్లం కట్టే పాత పేపర్లన్నీ తడిసి ముద్దయ్యాయి. పెట్టె తీసి, అట్ట చిరిగిన పుస్తకం గంపలో పెట్టుకుపోయాను. ఒక్కొక్క కాగితం చింపి పొట్లాలు కట్టాను. మధ్యాహ్నానికి పుస్తకం అయిపోయింది. ఏడో ద్వారం ఎవరెవరి వంటింట్లోకో ఎండు రొయ్యలతో వెళ్ళిపోయింది.

వినాయకచవితి వెళ్ళాక వచ్చిన ఆదివారం శాస్త్రిగారు, మరీ తేలికని అప్పటిదాకా ఎవరూ వేయని ప్రశ్న వేశారు. “ఏడో ద్వారం కాపలా ఎవరు?”

“గుడ్డి ముసలమ్మ” అన్నాడు మా ఆయన.

వరండా అంతా నవ్వింది. వేళాకోళమనుకున్నారు. “రెండు తలల పెద్దపులి కదండీ, పోతురాజుగారూ” అన్నారు శాస్త్రిగారు. పుస్తకం తెరిచి పేజీ చూపించారు. పులే ఉంది, నిజమే.

“అది రెండో అచ్చు. ఎవరో మార్చారు. మొదటి అచ్చులో ముసలమ్మ” అన్నాడీయన.

“మరి పేజీ?”

“ఇంట్లో ఉంది. ఇప్పుడే తెస్తాను.”

ఆ ఎండలో సైకిలు మీద వచ్చాడు. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. పెట్టె తెరిచి పాతవి ఆరూ తీశాడు. కొత్తది తీశాడు. పెట్టె బోర్లించాడు. “నాంచారీ, ఏడోది పాతదేదీ?” అన్నాడు. నేను చేటలో లేని రాయి ఏరాను. ఆయన నావైపు చూడలేదు. మంచం కిందకి వంగి చూస్తున్నాడు. “అక్కడే ఉంటుందిలే” అన్నాను.

ఆ ఒక్క క్షణంలో చెప్పేసి ఉంటే సరిపోయేది. ఆయన కొడతాడని కాదు ఊరుకున్నది. ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. చదువురానిదానా అంటాడేమోనని. ఇన్నేళ్ళూ అననిది ఆ రోజు అనేస్తాడేమోనని. ఆ భయం నా నోరు నొక్కేసింది. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి అది ఇంకా పెద్దదైంది.

పేజీ లేకుండా తిరిగి వెళ్ళాడు. శాస్త్రిగారు తలొంచుకుని “నియమం మీరు పెట్టిందే కదండీ” అన్నారట. “అవునండీ, నేను పెట్టిందే” అని వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాడట. ఆ తర్వాత ఒక్క ఆదివారం మానలేదు. వెళ్ళేవాడు, వెనక బల్ల మీద కూర్చునేవాడు, వినేవాడు. జవాబు ఎవరికీ రానప్పుడు కూడా నోరు విప్పేవాడు కాదట. ఇంటికొచ్చి నాతో చెప్పేవాడు. “ఇవాళ మూడో ద్వారం ఏనుగు దంతం ఎవరూ చెప్పలేకపోయారే” అనేవాడు. నేను అన్నం వడ్డిస్తూ ఊఁ కొట్టేదాన్ని. వడ్డించిన చెయ్యి నాదే, చింపిన చెయ్యీ నాదే.

ప్రెస్సుకి ఉత్తరం రాశాడు. చేతులు మారాయి, పాత ప్రతులు లేవని జవాబొచ్చింది. అప్పుడు ఈశ్వరరావు గుర్తొచ్చాడు. అతను చల్లపల్లిలో ఇల్లు కట్టుకున్నాడని తెలిసి, పని మానుకుని బస్సెక్కి వెళ్ళాడు. సాయంత్రానికి తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండా గడపలోనే కూర్చున్నాడు.

“ఉందా?” అన్నాను.

“ఆ రోజే ఏడూ కాలవలో పారేశాడట” అన్నాడు. “వరండా దిగి, నేరుగా వంతెన మీదకెళ్ళి పారేశాడట.”

చెప్పులు విప్పుతూ మళ్ళీ అన్నాడు. “కాఫీ ఇచ్చాడే. ఇచ్చి, ‘పోతురాజుగారూ, మీరు కల్పించే మనిషి కాదని నాకు తెలుసండి. నేనూ కల్పించలేదండి’ అన్నాడు.”

ఆయన కళ్ళ నీళ్ళు నేను చూడ్డం అదే మొదలు. ఈశ్వరరావుకి దండం పెట్టి వచ్చానన్నాడు. అప్పుడన్నా చెప్పాల్సింది. చెప్పలేదు. కాళ్ళకి నీళ్ళిచ్చాను.

అక్కణ్ణుంచి రోజూ పొద్దున్నే ఒకే ప్రశ్న. కనపడిందా? నాకేం తెలుసు. ధనుర్మాసం దాకా అదే. ప్రశ్నలంటే అంత ఇష్టమైన మనిషికి ఆఖర్న నేనిచ్చిన జవాబు అది.

ఆ రోజు మేస్త్రి వెంట షెడ్డుకి వెళ్ళేసరికి లారీ అక్కడే ఉంది. వెనక తలుపు మీద మూసిన ద్వారం వేసి ఉంది, ఎర్ర రంగు ఇంకా ఆరలేదు. పక్కన సుద్దముక్కతో గీసిన వంకర గీత, దాని చేతిలో కర్ర. రంగు వేయలేదు. అందరూ ఏదో చెట్టనుకున్నారు. అది ముసలమ్మ. నేను గుర్తుపట్టాను. చెప్పే స్థితిలో లేను. దినాలు కాకముందే వేరే పెయింటరు దాని మీద తామరపువ్వు వేసేశాడు, లారీ వెళ్ళిపోయింది. తప్పు వాళ్ళది కాదు.

పెద్దకర్మనాడు శాస్త్రిగారు వచ్చారు. “అమ్మా, మా ఆదివారం వాళ్ళం పోతురాజుగారి పేరున చిన్న పుస్తకం వేస్తున్నాం, మీరూ నాలుగు మాటలు చెప్పాలి” అన్నారు. వెళ్ళబోతూ ఆగి, “ఆ పులి సంగతి ఎవరం రాయడం లేదులెండి. పెద్ద వయసులో పొరపాటు పడ్డారు, అంతే కదా” అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ మంచితనమే నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆయన పొరపాటు పడలేదు మేష్టారూ.

అయ్యా, వరండాలో కూర్చునేవాళ్ళంతా వినండి. మొదటి అచ్చు ఏడో పుస్తకం, నడిమి పేజీ, పొయ్యి దగ్గర ఆయన ఎన్నిసార్లు చదివాడో అన్నిసార్లూ నేను విన్నది ఇది:

“సప్తమ ద్వారమునకు కాపలా ఎవ్వరును లేరని మణిధరుడు తలచెను. అంతలో చీకటి నుండి ఒక వృద్ధురాలి కంఠము వినవచ్చెను. ‘నాయనా, నాకు కన్నులు లేవు. నీ ఖడ్గము నాకు కనబడదు, నీ కిరీటము నాకు కనబడదు. నీవెవరవో నోట చెప్పుము. నీ కంఠమున అసత్యమున్నచో ఈ ద్వారము తెరుచుకొనదు’ అని ఆ అంధురాలు పలికెను.”

ఇదీ పేజీ. కాగితం లేదు. దాన్ని చింపింది నేను. ఇన్నాళ్ళూ దాచింది నేను. నియమం ప్రకారం ఇది గాలిమాటే అంటారా, అనండి. నన్ను వెనక బల్ల మీద కూర్చోబెట్టండి. ఆయన్ని మాత్రం అక్కణ్ణుంచి లేపండి. ఈశ్వరరావుగారిని కూడా పిలవండి. మా ఆయన బతికుంటే తనే వెళ్ళి పిలుచుకొచ్చేవాడు.

ఇక్కడికొచ్చేసరికి దుర్గ కలం ఆపేసింది. “పెద్దమ్మా, ఇది పదిమందీ చదివే పుస్తకం. పెదనాన్న గురించి చెప్పమంటే నీ తప్పు అచ్చేయించుకుంటావా? ‘ఆ పుస్తకం కాలక్రమాన కనిపించకుండా పోయింది’ అని రాస్తాను, చాలు” అంటోంది.

చాలదు. రాయవే. అది కనిపించకుండా పోలేదు. నేను చింపాను.

రాస్తున్నానంటోంది. కలం కదులుతోంది. ఏం రాస్తోందో నాకేం తెలుస్తుంది? ఆ అక్షరాల ముందు నేను ఇప్పటికీ గుడ్డిదాన్నే. ఇన్నేళ్ళూ నా కళ్ళు ఆయన నోట్లో ఉండేవి. అవి పోయాయి. సాయంత్రం పొయ్యి రాజేస్తే, పీట ఖాళీగా ఉంటుంది. వంతెన దాటారో లేదో అడగడానికి ఎవరూ లేరు. అంత పెద్ద కథని అంత చిన్న ఇంట్లో పట్టించిన మనిషి మళ్ళీ పుట్టడు. ఆయన పాదాలకి ఇదే నా దండం. ఆలస్యంగా ఇచ్చిన జవాబు. కనపడిందయ్యా, నా దగ్గరే ఉంది, మొదట్నుంచీ నా దగ్గరే ఉంది.

అయిందా, దుర్గా? ఏదీ, మొదట్నుంచి చదువు. నెమ్మదిగా చదువు. ఎక్కడన్నా దాటేశావో, నీ గొంతే చెబుతుంది నాకు.